యుద్ధంలో ఉన్న అగ్రరాజ్యం మిత్రదేశాల మాట వింటుందా?

మిత్రదేశాలను సంప్రదించడం అగ్రరాజ్యానికి వట్టి లాంఛనమేనా, లేక ఆ సంప్రదింపుల వల్ల యుద్ధ నిర్ణయాలు నిజంగానే మారుతాయా అని మీరు అడిగారు. అశోక్‌నగర్‌లో సివిల్స్ అభ్యర్థులకు అంతర్జాతీయ సంబంధాలు బోధిస్తున్నందున ఈ ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ నాకు ఎదురవుతుంది. మారుతాయనే నేను చెబుతాను. కాకపోతే ఆ మార్పు సలహా ఎంత సరైనదన్న దానికన్నా, సలహా ఇచ్చే దేశం దగ్గర అగ్రరాజ్యానికి కావలసినది ఏముందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది.

కొరియా యుద్ధాన్నే తీసుకోండి. 1950 అక్టోబరు మొదట్లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను అర్ధరాత్రి వేళ పిలిపించి, అమెరికా సేనలు ఉత్తర, దక్షిణ కొరియాలను విడదీసే 38వ అక్షాంశం దాటితే చైనా జోక్యం చేసుకుంటుందని స్పష్టంగా చెప్పాడు. ఆ హెచ్చరిక వాషింగ్టన్‌కు చేరినా, పణిక్కర్ చైనా పక్షపాతి అన్న అనుమానంతో అక్కడివారు దానిని బెదిరింపుగానే కొట్టిపారేశారు. ఆ నెల తిరగకముందే చైనా దళాలు కొరియా సరిహద్దులోని యాలూ నది దాటాయి. నవంబరు 30న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ అణుబాంబు ప్రయోగం కూడా పరిశీలనలో ఉందని అన్నప్పుడు మాత్రం బ్రిటిష్ ప్రధాని అట్లీ రోజుల వ్యవధిలోనే వాషింగ్టన్ వెళ్లి, బాంబు వాడే అవసరం రాకూడదనే ఆశిస్తున్నామన్న మాటను ఉమ్మడి ప్రకటనలో చేర్పించగలిగాడు. బ్రిటిష్ సైనికులు అదే యుద్ధంలో పోరాడుతుండగా, యూరప్ రక్షణ బ్రిటన్ లేకుండా సాగేది కానప్పుడు, ఆయన మాటను తోసిపుచ్చడం ట్రూమన్‌కు సాధ్యం కాలేదు. అయినా బ్రిటన్ సమ్మతి లేనిదే బాంబు వాడబోమన్న రాతపూర్వక హామీ అట్లీకి దక్కలేదు.

ఇరాక్ యుద్ధం చెప్పేటప్పుడు పశ్చిమాసియా పటం గోడకు తగిలించి, మధ్యధరా సముద్రం నుంచి ఉత్తర ఇరాక్‌కు సైన్యాన్ని నడిపించమని ఒకరిని పిలుస్తాను. ఆ విద్యార్థి చేతివేలు ఇస్కెందెరున్ రేవు దగ్గర ఒడ్డెక్కి తుర్కియే (టర్కీ) ఆగ్నేయ ప్రాంతం మీదుగానే సాగుతుంది. 2003 మార్చి 1న ఆ దారే మూసుకుపోయింది. అమెరికా సేనలకు అనుమతినిచ్చే తీర్మానానికి అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు వచ్చినా, 19 మంది తటస్థంగా ఉండటంతో హాజరైనవారిలో సగానికి మించిన మద్దతు లేదని తుర్కియే పార్లమెంటు దానిని వీగిపోయినట్లు తేల్చింది. సముద్రంలో ఎదురుచూస్తున్న అమెరికా 4వ పదాతి డివిజన్ సామగ్రిని సూయజ్ మీదుగా కువైట్‌కు మళ్లించవలసి వచ్చింది. ఉత్తరం నుంచి భారీ దాడి చేయాలన్న పథకం ఆగిపోయింది.

1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణులు మీద పడుతున్నా ఇజ్రాయెల్ ఎదురుదాడికి దిగకుండా అమెరికా ఆపింది. ఇజ్రాయెల్ దిగితే అరబ్ దేశాలు ఇరాక్ వ్యతిరేక కూటమిని వీడతాయన్న భయంతోనే అమెరికా తన విమానాలను పెద్ద సంఖ్యలో స్కడ్‌ల వేటకు మళ్లించింది.

మన దేశం విషయమూ ఇక్కడ చెప్పాలి. 2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ స్థాయి సైన్యాన్ని పంపమని అమెరికా కోరినప్పుడు, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన అనుమతి ఉంటేనే పరిశీలిస్తామని వాజ్‌పేయి ప్రభుత్వం జులైలో తేల్చిచెప్పింది. సైన్యం అడిగిన ప్రతిచోటా ఇలాంటి జవాబే ఎదురవుతుండటం వల్ల కూడా అమెరికా తిరిగి భద్రతా మండలి తలుపు తట్టిందని నా అంచనా. అక్టోబరులో 1511వ తీర్మానం బహుళజాతి దళానికి అనుమతినిచ్చింది. ఆ తర్వాత కూడా భారత్ సైన్యాన్ని పంపలేదు.