లైబ్రరీలో ముందు కాగితాలు చదివిపెట్టే బల్ల వేయండి

ప్రశ్న: మాది చిన్న టౌను. మా శాఖా గ్రంథాలయంలో కొత్త సేవలు, కార్యక్రమాలు మొదలుపెడతాం, సలహాలివ్వండి అంటున్నారు. ఏం పెడితే జనం వస్తారు? కంప్యూటర్లా, పిల్లలకు కథలా, పోటీ పరీక్షల పుస్తకాలా?

అన్నీ పెట్టండి. వాటికంటే ముందు మాత్రం గుమ్మానికి దగ్గర్లో ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసి, "మీ కాగితాలు ఇక్కడ చదివి చెబుతాం" అని పెద్దక్షరాలతో బోర్డు రాయించండి. జనం రాకపోతే నన్నడగండి.

నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. మనియార్డరు ఫారం నింపమని వచ్చినవాళ్ళు ఆ పని అయ్యాక కదిలేవాళ్ళు కాదు. కొంగు ముడిలోంచో చొక్కా జేబులోంచో నాలుగు మడతలు పెట్టిన ఇంకో కాగితం తీసి, "ఇందులో ఏముందో కాస్త చూసి చెప్పమ్మా" అనేవాళ్ళు. వెనక క్యూ అరుస్తుండేది, నేను పైపైన చూసి పంపేసేదాన్ని. అలాంటి కాగితం లేని ఇల్లు మా ఊళ్ళో ఒక్కటి కూడా ఉండదని నాకు గట్టి నమ్మకం.

ఇక లైబ్రరీ సంగతి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా. ఒక ఏడాది పిల్లల వ్యాసరచన పోటీకి పేపర్లు దిద్దమని మా లైబ్రేరియన్ గారు నన్ను పిలిచారు. లోపల పిల్లలు రాస్తున్నారు. ఒకావిడ కూతుర్ని దింపి గుమ్మం బయటే నిలబడింది. లోపలికి వచ్చి కూర్చోమ్మా అంటే, "నాకు చదువు రాదు కదండీ" అంది. చదువు రానివాళ్ళు లైబ్రరీ గుమ్మం దాటకూడదని ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. మన లైబ్రరీలు ఉన్న తీరు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. చేతిలో బట్టల షాపు కవరు, అందులో కాగితాలు. వాళ్ళాయన తాపీ మేస్త్రీ, శ్రావణ మాసంలో గుండెపోటుతో పోయాడట. బ్యాంకుకు వెళ్తే ఆయన ఖాతాలో పన్నెండొందల చిల్లర ఉంది, ఫలానా కాగితాలు తెస్తే ఇస్తామని చెప్పి పంపారట. "ఇంకేమన్నా ఉందేమో చూడండమ్మా" అని పాస్‌బుక్కు నా చేతిలో పెట్టింది.

అట్ట ఊడిపోయింది, సిమెంటు మరకలు, సగం లైన్లు సిరా లేక పాలిపోయి ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు పొట్టి అక్షరాలే. జమ ఎంత, ఖర్చు ఎంత అని ఒక్కో లైను పైకి చదువుతూ వచ్చాను. మే నెల ఆఖరి వారంలో 436 రూపాయలు పోయినట్టుంది. ఎందుకు పోయిందో తెలియడం లేదు.

"ఎంతన్నారు మేడం? 436 ఆ?" అని పక్క బల్ల మీంచి ఒక కుర్రాడు లేచొచ్చాడు. గ్రూప్-2కి చదువుతున్న పిల్లాడు, రోజూ అక్కడే ఉంటాడు. పాస్‌బుక్కు అందుకుని పరీక్షలో జవాబు చెప్పినట్టే గడగడా అప్పజెప్పాడు. "ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. 2015 మే 9న కోల్‌కతాలో ప్రారంభం. చేరడానికి 18 నుంచి 50 ఏళ్ళు, బీమా 55 దాకా. ఏడాదికి 436, అంతకుముందు 330. జూన్ 1 నుంచి మే 31 వరకు. ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు." అని పేజీ వెనక్కి తిప్పి, ముందు ఏడాది మే నెలలో కూడా అదే 436 ఉంటే దాని మీద వేలు పెట్టి చూపించాడు. ఆయన ఆధార్ కార్డు తీయమని పుట్టిన సంవత్సరం చూశాడు. వయసు నలభై ఏడు. "అక్కా, అన్న పేరు మీద బీమా ఉంది. బ్యాంకులో క్లెయిమ్ ఫారం అడగాలి."

ఆవిడ ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఇప్పుడు మళ్ళీ మేమేమన్నా కట్టాలా బాబూ?" అని అడిగింది. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు కాగితం చూపించి కట్టమన్నవాళ్ళే గానీ, నీకు రావాల్సింది ఉందని చెప్పినవాళ్ళు లేరు ఆవిడకు.

మర్నాడు కుర్రాడే బ్యాంకుకు వెంట వెళ్ళాడు. నామినీగా ఆవిడ పేరే ఉంది. మరణ ధ్రువపత్రం, ఆవిడ ఖాతా వివరాలు, ఫారం అన్నీ ఇచ్చారు. రెండు మూడు సార్లు తిరగాల్సి వచ్చింది. సంక్రాంతి వెళ్ళాక డబ్బు ఆవిడ ఖాతాలో పడింది.

ఆ మేస్త్రీ ఖాతా తెరిచినప్పుడు ఎన్నో సంతకాల మధ్య దీనికీ ఒక సంతకం చేసి ఉంటాడు. ఇంట్లో చెప్పలేదు, బహుశా ఆయనకే గుర్తు లేదు. ఇది చదివేవాళ్ళు మీ ఇంట్లో వాళ్ళ పాస్‌బుక్కులు కూడా ఒకసారి తీసి చూడండి. 436 అని ఉంటే ఈ బీమా. 20 రూపాయలు అని ఉంటే అది ప్రమాద బీమా, సురక్షా బీమా యోజన కావచ్చు, అడిగి రూఢి చేసుకోండి. ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పి ఉంచండి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఒక బల్ల మీద ప్రభుత్వ పథకాలన్నీ తేదీలతో సహా కంఠస్థం చేసిన పిల్లలున్నారు. గుమ్మం బయట ఆ పథకాల కాగితాలు చేత్తో పట్టుకుని, అందులో ఏముందో తెలియని పెద్దవాళ్ళున్నారు. వీళ్ళిద్దరినీ ఒక్క బెంచీ మీద కూర్చోబెట్టగలిగిన చోటు ఊళ్ళో లైబ్రరీ తప్ప ఇంకొకటి లేదు. దానికి బడ్జెట్ అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు.

"లైబ్రరీ అంటే పుస్తకాలు, అదేమన్నా మీసేవా?" అని ఒక పెద్దమనిషి నాతో వాదించారు. మన గ్రంథాలయోద్యమం ఎలా నడిచిందో ఆయన మరిచిపోయారు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన నాటి నుంచి అయ్యంకి వెంకటరమణయ్య గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు లాంటివాళ్ళు వయోజన విద్యను గ్రంథాలయాల నుంచి విడదీసి చూడలేదు. చదవడం రానివాళ్ళకు పత్రికలు పైకి చదివి వినిపించారు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో వేసి కాలువ వెంట ఊరూరా తిప్పారు. జనం దగ్గరికి తామే వెళ్ళిన మనుషులు వాళ్ళు. మనం తలుపు తీసి కూర్చుని, ఎవరూ రావడం లేదంటే ఎట్లా?

కంప్యూటర్ల మాట అడిగారు. మా దగ్గరా వచ్చాయి. మీద గుడ్డ కప్పి ఉంటాయి. చూపించే మనిషి లేకుండా యంత్రం ఇచ్చి ఏం లాభం? వేసవి విజ్ఞాన శిబిరాలు మాత్రం మంచి పని. పిల్లలు ఎగబడి వస్తారు, కథలు చెబుతారు, బొమ్మలు వేస్తారు. జూన్‌లో బడి తెరవగానే ఆగిపోవడమే నాకు నచ్చదు. నెలకొక ఆదివారమైనా పెట్టొచ్చు.

వేళల సంగతి కూడా అనాల్సిందే. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. కూలికి వెళ్ళొచ్చి స్నానం చేసి బయల్దేరేసరికి తాళం పడుతుంది. పరీక్షలకు చదివే పిల్లలు నెల నెలా డబ్బు కట్టి ప్రైవేటు స్టడీ హాళ్ళకు పోయేది అందుకే. పైగా ఆడవాళ్ళు, ఆడపిల్లలు వాడుకోదగ్గ బాత్‌రూము లేని లైబ్రరీకి ఆడపిల్లలు రావడం లేదని ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు. నా మాట వింటే కొత్త బీరువాల కంటే ముందు అది కట్టించాలి.

డబ్బు లేదంటారు. మీ ఇంటిపన్ను రశీదు తీసి చూడండి, గ్రంథాలయ పన్ను విడిగా కనిపిస్తుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం అది మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. చాలా చోట్ల ఏళ్ళ తరబడి బకాయిలే. మనం కట్టింది మన లైబ్రరీకి చేరిందా అని వార్డు సమావేశంలో ఒక్కరు అడిగినా కదలిక వస్తుంది. దాన్నొదిలేసి వారోత్సవాలకు ఫ్లెక్సీలు వేయించి, పెద్దలు వచ్చేదాకా పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

బల్ల వేసేవాళ్ళకు అనుభవంతో నాలుగు మాటలు. చదివి చెప్పడం వరకే మన పని. ఓటీపీ, పిన్ ఎవరు చెప్పబోయినా వినకండి. అసలు కాగితాలు గానీ, ఆధార్ జిరాక్సులు గానీ మన దగ్గర ఉంచుకోవద్దు. ఎవరి తరఫునా సాక్షి సంతకం పెట్టొద్దు. ఒక భూతద్దం కొనండి. ఏ ఆఫీసుకు వెళ్ళాలో, ఏం అడగాలో చిన్న చీటీ మీద తెలుగులో రాసివ్వండి, అక్కడ ఎవరికైనా చూపించుకుంటారు. పొలం గొడవ, ఇంటి గొడవ అయితే తీర్పులు చెప్పకుండా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. ఆదాయం ఎంతున్నా సరే ఆడవాళ్ళకు అక్కడ ఉచితంగా వకీలును పెడతారు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

రోజూ కుదరకపోతే వారానికి ఒక్క పూట చాలు. మీ ఊళ్ళో సంత ఏ రోజైతే ఆ రోజే పెట్టండి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఎలాగూ టౌనుకు వస్తారు. సంతలో దండోరా వేయించండి, కాగితాలు వెంట తెచ్చుకోమని మరీ మరీ చెప్పించండి.