పాత ఇత్తడి దిక్సూచి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (కావలి నుంచి): పాత సామాన్ల అంగట్లో ఇత్తడి జేబు దిక్సూచి ఒకటి కొన్నాను. చేతికి మంచి బరువు తగులుతోంది. మూత మీద ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటిదని చెప్పి నాలుగు వేలు తీసుకున్నారు. నిజంగా అంత పాతదేనా?

జవాబు: కాదండీ. ఆ మూత మీద అక్షరాలే సాక్ష్యం. కెల్విన్ పేరున్న కంపెనీ, హెన్రీ హ్యూస్ కంపెనీ కలిసి ‘కెల్విన్ అండ్ హ్యూస్’ అయింది 1947లో. 1917లో ఆ పేరే లేదు. రూర్కీ, మొరాదాబాద్ వైపు అలంకారం కోసం ఇలాంటివి చేస్తారు. బల్ల మీద పెట్టుకుంటే అందంగానే ఉంటాయి. చేసినవాళ్ల తప్పేమీ లేదు, పాతదని చెప్పి అమ్మడమే తప్పు.

ఇకమీదట కొనేటప్పుడు పదిరెట్లు చూపించే భూతద్దం జేబులో వేసుకెళ్లండి. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేది చాలు. మొదట అక్షరాలు చూడండి. పనిముట్టుతో చెక్కిన గీత లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. లేజరుతో కాల్చిన అక్షరం అడుగు చదునుగా, మసిబారినట్టు గరుకుగా ఉంటుంది. తర్వాత స్క్రూలు. ప్లస్ గుర్తు స్క్రూలు బజారుకొచ్చింది 1930ల్లో. 1885 అని రాసి ఉన్న పెట్టెకు ప్లస్ స్క్రూ కనిపిస్తే ఆ స్క్రూ అయినా తర్వాతిది, పెట్టె అయినా తర్వాతిది. మూత లోపల పొడుగాటి ఇంగ్లీషు పద్యం ఉంటే మారుమాట లేకుండా పక్కన పెట్టేయండి. నలుపు కూడా చూడాలి. నిజంగా వాడిన వస్తువుకు వేళ్లు తగిలే అంచులు అరిగి పసుపు బయటపడుతుంది, కీలు సందుల్లో నలుపు మిగులుతుంది. మందు పూసిన నలుపు అంతటా ఒక్కలాగే ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఇత్తడా, పూత పూసిన ఇనుమా అని తెలుసుకోడానికి చాలామంది అయస్కాంతం ఆనించి చూస్తారు. లోపలున్న ముల్లు పాడవుతుంది, ఆ పని చేయొద్దు. పెట్టెను అరచేతిలో పెట్టుకుని నిదానంగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు ఉత్తరాన్ని వదలకుండా నిలబడితే మంచిదే. పెట్టెతో పాటు కాస్త కాస్త లాక్కుపోతుంటే పెట్టెలో ఇనుము ఉండొచ్చు, లేదా ముల్లు నిలబడే మొన మొద్దుబారి ఉండొచ్చు.

ప్రశ్న (ఒంగోలు నుంచి): మా ఇంట్లో సైన్యం దిక్సూచి ఉంది. ‘వెర్నర్స్ పాటర్న్ 8’ అని, 1918 అని, జెనీవా తయారీ అని ఉంది. మూడు గీతల బాణం గుర్తు కూడా ఉంది. బల్ల మీద పెడితే తిరిగే డయల్ దక్షిణం వైపు వాలిపోయి ఒక్కోసారి ఆనుకుంటోంది. చెడిపోయిందా?

జవాబు: మీ దగ్గరున్నది మంచి వస్తువు. ఆ బాణం బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు గుర్తు. వాలడం చెడిపోవడం కాదు, ఊరు మారడం.

భూమి అయస్కాంత బలం నేలకు సమాంతరంగా పోదు. లండన్‌లో అది ఉత్తరం వైపు దాదాపు 66 డిగ్రీలు కిందికి వంగి ఉంటుంది. అందుకని అక్కడ ఉత్తరపు కొన నేలకేసి దిగిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి తయారుచేసేవాళ్లు దక్షిణం వైపు కాస్త బరువు వేస్తారు. అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొసకు దగ్గర్లోనే పోతుంది కాబట్టి నెల్లూరు, ఒంగోలు దగ్గర ఆ వంపు ఇరవై డిగ్రీల లోపే. ఉత్తరాన్ని కిందికి లాగే బలం తగ్గింది, దక్షిణపు బరువు అలాగే ఉంది. త్రాసులో ఒక తట్ట తేలికైనట్టు.

ఆ బరువును గీకకండి. వంద దాటిన వస్తువుకు అదొక పుట్టుమచ్చ, ఏ దేశానికి చేశారో అదే చెబుతుంది. దిశ చూసేటప్పుడు పెట్టెను కూడా దక్షిణం వైపు కాస్త వాల్చి పట్టుకోండి, డయల్ స్వేచ్ఛగా తిరుగుతుంది. ఉత్త ముల్లుండి, దాని మీద సన్నటి ఇత్తడి తీగ చుట్ట ఉన్న రకమైతే ఆ చుట్టను మధ్యకు అర మిల్లీమీటరు చొప్పున జరపొచ్చు. ముందు ఫొటో తీసి పెట్టుకుంటే ఎప్పుడైనా పాతచోటికి తేవచ్చు.

ఇంకొకటి, పరీక్ష చేయడానికి కొణిజేడు కొండ వైపు వెళ్లకండి. అక్కడిది మాగ్నటైట్ ఇనుపరాయి, ఏ ముల్లయినా దారి తప్పుతుంది.

ప్రశ్న (కందుకూరు నుంచి): ముల్లు ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోంది. ఇంకో దిక్సూచిలో ముల్లు నీరసంగా తిరుగుతోంది. రెండింటికీ చుక్క నూనె వేయనా?

జవాబు: నూనె మాత్రం వద్దు. ముల్లు మధ్యలో చిన్న రాతి గిన్నె బోర్లించి ఉంటుంది, అది ఉక్కు మొన మీద నిలబడుతుంది. అక్కడ నూనె పడితే దుమ్ము పట్టి జిగురైపోతుంది.

మీవి రెండు వేరు వేరు జబ్బులు. దిక్సూచిని కొయ్యబల్ల మీద పెట్టి, ఫోను, తాళాలు మీటరు దూరంలో ఉంచండి. ముల్లు చూపించే అంకె రాసుకోండి. ఇనుప మేకు చూపించి ముల్లును పక్కకు లాగి, మేకు తీసేయండి. ఎడమకు మూడుసార్లు, కుడికి మూడుసార్లు. గబగబా ఊగి, ప్రతిసారీ రెండు మూడు డిగ్రీల తేడాతో ఆగితే మొన మొద్దుబారింది, లేదా రాయి పగిలింది. ఒకే అంకె దగ్గర ఆగినా బరువుగా, నిదానంగా ఊగితే ముల్లులో అయస్కాంతం తగ్గింది.

విప్పాలంటే అద్దాన్ని పట్టి ఉంచే ఇత్తడి రింగుకు ఒకచోట సందు ఉంటుంది. అక్కడ చెక్కిన వెదురు పుల్లతో లేపండి. అద్దాన్ని మైనపు ముద్దతో అంటించి ఎత్తండి. ఉక్కు చిమటా వాడితే ముల్లు ఎగిరి అంటుకుంటుంది, ఇత్తడిదో వెదురుదో కావాలి. సన్నటి సూదిని రాతి గుంటలో నెమ్మదిగా తిప్పితే పగులు ఉన్నచోట తట్టుకుంటుంది. మొనను సాన పట్టడం గడియారాల పనివాడికే వదిలేయండి, లేత్ మీద నిమిషం పని. చేత్తో రుద్దితే మొన పక్కకు పోతుంది.

నీరసం ముల్లుకైతే బలమైన బారు అయస్కాంతం చాలు. ముల్లును చదునైన చెక్క మీద ఉంచి, అయస్కాంతం దక్షిణ ధ్రువాన్ని మధ్య నుంచి ఉత్తరపు కొన దాకా లాగండి. కొన దాటాక పైకెత్తి, గాల్లో చుట్టి మళ్లీ మధ్యకే రండి. ఇరవైసార్లు. తర్వాత ఉత్తర ధ్రువంతో రెండో వైపు అలాగే. ముందుకూ వెనక్కూ రుద్దితే చేసిందంతా పోతుంది. ధ్రువాలు తారుమారైతే ముల్లు దక్షిణాన్ని ఉత్తరమని చూపిస్తుంది. స్పీకరు పక్కన పెట్టినా అదే గతి పట్టొచ్చు.

ప్రశ్న (కొత్తపట్నం నుంచి): చిలుము పట్టింది. చింతపండు పెట్టి తోమొచ్చా?

జవాబు: బిందెకు పనికొచ్చింది దీనికి పనికిరాదు. పులుపుకు పాత లక్క పూత, నలుపు, అంచుల్లోని సన్నగీతలు అన్నీ పోతాయి, సేకరించేవాళ్లు చూసేది వాటినే. తడి లోపలికి దిగితే ఉక్కు మొన తుప్పు పడుతుంది. చిలుమున్న చోట మాత్రమే కొయ్య పుల్ల కొసకు బొట్టు కుట్టుమిషను నూనె అద్ది గీకి, పొడి నూలుగుడ్డతో తుడవండి. తోలు సంచిలో ఏళ్ల తరబడి ఉంచితే చిలుము మళ్లీ వస్తుంది. సముద్రపు గాలి తగలని కొయ్యపెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచి, అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో వాటిని నెలకోసారి మార్చండి.

ప్రశ్న (గూడూరు నుంచి): డయల్ మీద అంకెలు ఒకప్పుడు చీకట్లో మెరిసేవట. ఇప్పుడు గోధుమరంగు పొడిలా ఉన్నాయి. గీకి కొత్త రంగు వేయొచ్చా?

జవాబు: వద్దు. ఆ దిక్సూచి అద్దమే విప్పకండి. ఆ కాలపు మెరుపు రంగుల్లో రేడియం కలిపేవారు. వెలుగిచ్చే జింక్ సల్ఫైడు కొన్నేళ్లలో చచ్చిపోతుంది గానీ రేడియం సగం కావడానికే 1600 ఏళ్లు పడుతుంది. పొడి ముక్కులోకి, నోట్లోకి పోవడమే అసలు ప్రమాదం. పడక గదిలో కాకుండా గాలాడే చోట, పిల్లలకు అందకుండా పెట్టండి.

ప్రశ్న (నెల్లూరు నుంచి): అమెరికాలో ఉన్న మా అబ్బాయికి తాతగారి దిక్సూచి పార్సిల్ చేయొచ్చా?

జవాబు: దాని వయసును బట్టి. వందేళ్లు నిండిన వస్తువు 1972 నాటి పురాతన వస్తువుల చట్టం కింద పురాతన వస్తువు, సొంతానికైనా దేశం దాటించకూడదు. వందేళ్లు నిండలేదని మీకు తెలిస్తే, భారత పురావస్తు శాఖ దగ్గర ‘పురాతన వస్తువు కాదు’ అనే ధ్రువపత్రం తీసుకుని దాన్ని జతచేసి పంపండి. పార్సిల్ కట్టేముందు మూత మూయండి. చాలా రకాల్లో మూత పడగానే చిన్న మీట ముల్లును మొన మీంచి పైకెత్తి పట్టుకుంటుంది. ఆ మీట పనిచేయకపోతే దారిలో కుదుపులకే రాయి పగిలిపోతుంది.