కుడి కరోనరీ ఎడమ వైపు నుంచి మొదలైతే ఆపరేషన్ తప్పదా?

మీ తమ్ముడికి 36 ఏళ్లని, సీటీ యాంజియోలో (రక్తనాళాలను చూపే స్కాన్) కుడి కరోనరీ, అంటే గుండె కండరానికి రక్తం అందించే కుడి నాళం, అయోర్టా (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) ఎడమ వైపు నుంచి మొదలవుతోందని వచ్చిందని, బ్లాకులేమీ లేకపోయినా ఆపరేషన్ మాట ఎత్తారని రాశారు. నాకున్నదీ అదే. 41వ ఏట బయటపడింది. ఆపరేషన్ అయ్యి ఆరేళ్లు దాటింది.

షటిల్ ఆడుతుంటే రెండో గేమ్‌కల్లా ఛాతీ బిగుసుకుపోయేది, కూర్చుంటే తగ్గేది. యాంజియోగ్రామ్ చేస్తే కుడి రక్తనాళం ఉండాల్సిన చోట దొరకలేదు. సీటీలో అసలు సంగతి తెలిసింది. అది ఎడమ వైపు సన్నని చీలికలాంటి రంధ్రంతో మొదలై, కొంత దూరం అయోర్టా గోడ లోపలే నడిచి, అయోర్టాకీ ఊపిరితిత్తులకు వెళ్లే పెద్ద నాళానికీ మధ్య నుంచి వస్తోంది. శ్రమ పడినప్పుడు అక్కడ నొక్కుకుపోతుందట.

ఆ రాత్రి ఫోన్‌లో వెతికాను. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు పీట్ మారవిచ్ 1988లో 40 ఏళ్లకే ఆటస్థలంలో కూలిపోయాడని చదివాక ఇక నిద్ర పట్టలేదు. ఆయనకు అసలు ఎడమ కరోనరీయే లేదని, నాది వేరే లోపమని తర్వాత డాక్టర్ చెప్పారు. యాంజియోగ్రామ్ చేయించుకున్నవాళ్లలో దాదాపు నూటికి ఒకరికి ఏదో ఒక తేడా కనిపిస్తుందట. చాలావాటితో ప్రమాదం లేదు. ఎడమ కరోనరీ కుడి వైపు నుంచి మొదలై ఆ రెండు నాళాల మధ్య నుంచి వస్తే మాత్రం లక్షణాలు లేకపోయినా సాధారణంగా ఆపరేషన్ వైపే మొగ్గుతారు. మీ తమ్ముడి లాంటి కేసులో నొప్పి, స్పృహ తప్పడం లాంటివి ఉన్నాయా, శ్రమలో గుండె కండరానికి రక్తం తగ్గుతోందా అన్నదే చూడాలి. రెండూ లేకపోతే గమనిస్తూ ఉండడమూ సరైన దారే. నాకు స్ట్రెస్ టెస్టులో రక్తం తగ్గుతున్నట్టు తేలింది కాబట్టే ఒప్పుకున్నాను.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతాను. మొదట వెళ్లిన ఆసుపత్రిలో బైపాస్ చేసేద్దామన్నారు. రెండో సర్జన్ వద్దన్నారు. కొవ్వు పేరుకుని మూసుకుపోయిన నాళానికి బైపాస్ వేస్తే రక్తానికి కొత్త దారే దిక్కు, అందుకే అది నిలబడుతుంది. మన కేసులో విశ్రాంతిగా ఉన్నప్పుడు పాత దారిలోనే రక్తం బాగా పారుతుంది. కొత్త నాళంలో పారుదల చాలక అది మెల్లగా సన్నబడి మూసుకుపోవచ్చు. నాకు ఈ ముక్క ముందే తెలిస్తే రెండు వారాల టెన్షన్ తప్పేది. ఆయన చేసింది అన్‌రూఫింగ్. గుండెను ఆపి, దాని పని చేసే మెషిన్ మీద నన్ను పెట్టి, అయోర్టా తెరిచి, గోడలో నడిచే భాగంపై కప్పులా ఉన్న పొరను తీసేసి రంధ్రాన్ని వెడల్పు చేశారు. నాళం అలా గోడ లోపల నడవనివాళ్లకు దాన్ని కోసి సరైన చోట కుడతారు. అన్‌రూఫింగ్‌లో పక్కనే ఉన్న అయోర్టా వాల్వ్ దెబ్బతిని లీకయ్యే అవకాశం ఉంటుంది. అందుకే ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారని సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు చూసే సర్జన్లకే ఇది ఎక్కువ అలవాటు.

ఆపరేషన్ కోసం కోసిన రొమ్ము ఎముక అతుక్కునేదాకా మూడు నెలలు బండి నడపలేదు, బరువులెత్తలేదు. మూడో నెలలో మళ్లీ ఛాతీలో నొప్పి వస్తే మా ఆవిడ ఏడ్చేసింది. పరీక్షల్లో రక్తప్రసరణ బాగుంది, అది కుట్టిన ఎముక నొప్పి. ఏడాదికి డాక్టర్ అనుమతితో మళ్లీ రాకెట్ పట్టాను. ఇప్పటికీ ఏటా ఎకో చేయించుకుంటాను.

పరీక్షలు పూర్తయ్యేవరకు మీ తమ్ముణ్ని పరుగు, జిమ్, పోటీ ఆటలు ఆపమనండి. మామూలు నడక సంగతి డాక్టర్నే అడగండి. రెండో అభిప్రాయానికి వెళ్తే రిపోర్టు కాగితం సరిపోదు, సీటీ సీడీ తీసుకెళ్లండి. సర్జన్ ఆ బొమ్మలు స్వయంగా చూడాలి. నేను సీడీ ఇంట్లో మరిచిపోయి హైదరాబాద్‌కు రెండుసార్లు తిరిగాను.