లోకాన్ని అమ్మకండి మాస్టారూ, కౌలుకివ్వండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. వయసు 38. ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను, జీతం 24,000. మా ఆవిడ ఇంట్లో కుట్టుపని చేసి నెలకు ఆరు వేల దాకా తెస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు 25,000. బ్యాంకులో 1,40,000 ఎఫ్‌డీ ఉంది. ఆరేళ్ళు కూర్చుని ఒక ఫాంటసీ నవల రాశాను. మహేంద్రగిరి అడుగున ఒక నగరం, వంశధార వెనక్కి పారే లోకం. మూడు భాగాలు అనుకున్నాను. మొదటిది 320 పేజీలు వచ్చింది. ఒక ఆడియో యాప్ వాళ్ళు 40,000 ఇస్తాం, హక్కులన్నీ మావే అంటున్నారు. అది వద్దనుకుంటే 500 కాపీలు సొంతంగా వేసుకోవాలని ఉంది. ప్రెస్సు వాళ్ళు 90,000 అన్నారు. ముఖచిత్రానికీ ప్రూఫులకూ ఇంకో 18,000 అవుతుంది. మా ఆవిడ గొలుసు తాకట్టు పెడితే లక్ష వస్తుంది. రెండో భాగం కోసం ఉద్యోగం మానేద్దామనీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:

మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మాది పర్లాకిమిడి, వంశధార మాకూ తెలుసు. ఆ నది వెనక్కి పారితే ఎలా ఉంటుందా అని నేనూ కాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను. అందుకే ముందు ఆ యాప్ ఒప్పందం సంగతి చెబుతాను. మీకున్న ఆస్తి అక్కడే ఉంది.

మామూలు నవల రాసినవాళ్ళకు పుస్తకమే ఆస్తి. మీలా ఒక కొత్త లోకాన్ని కట్టినవాళ్ళకు పుస్తకం ఒక పంట మాత్రమే. పొలం వేరే ఉంది. ఆ నగరం, అక్కడి మనుషులు, వాళ్ళ పేర్లు, మంత్రానికి మీరు పెట్టిన హద్దులు, ఇంకా రాయని రెండు భాగాలు, ఇదంతా పొలం. ఆ యాప్ వాళ్ళు ఒక పంట ధర ఇచ్చి పొలం రాయించుకుంటామంటున్నారు. మీరు పంపిన కాగితంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో, పాత్రలతో సహా’ అని ఉంది. దాని మీద సంతకం పెడితే రేపు రెండో భాగం రాయడానికి కూడా వాళ్ళ అనుమతి అడగాల్సి రావచ్చు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచయితల మీద దానికి కొంత దయ ఉంది. హక్కులు బదిలీ చేసే కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళే అనుకోవాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే అది రద్దయినట్టే. అయితే ఈ దయంతా కాగితంలో ఏమీ రాయనప్పుడే పనికొస్తుంది. ‘శాశ్వతంగా’ అని రాసి ఉన్నచోట మీరు సంతకం పెట్టాక ఈ నియమాలు అడ్డురావు. మామూలుగా మీ రచన మీద హక్కు మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. అంటే మీ మనవల దాకా వెళ్ళే ఆస్తి. దాని ధర 40,000 కాదు.

కాబట్టి కౌలుకివ్వండి. తెలుగు ఆడియో హక్కు మాత్రమే, మొదటి భాగానికి మాత్రమే, మూడేళ్ళకు మాత్రమే. పాత్రలూ, తర్వాతి భాగాలూ, సినిమా, అచ్చు, అనువాదం మీ దగ్గరే ఉంటాయని విడిగా రాయించండి. దానికి 40,000 కాకుండా 20,000 ఇస్తామన్నా అదే మంచి బేరం. ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. ఈ లోకంతో సంబంధం లేని చిన్న సైన్స్ ఫిక్షన్ కథ ఒకటి రాసి వాళ్ళకు పూర్తిగా అమ్మండి. స్కూల్లో రోజూ ఫిజిక్స్ చెప్పేవారు, మీకు అలాంటి కథలకు కరువుండదు.

అనువాద హక్కు సంగతి ఇంకాస్త చెప్పాలి. విజయవాడలో ఉన్న రచయితకు లేని వీలు మీకుంది. మీ వీధిలోనే ఒడియా చదివేవాళ్ళున్నారు, మీరూ చదువుతారు. మహేంద్రగిరి కథ ఒడియా పాఠకులకు పరాయిది కాదు. రేపు ఒడియాలో వేస్తామని ఎవరైనా వస్తే ఆ హక్కు మీ చేతిలో ఉండాలి. ఇంకో మాట. సవర గిరిజన పెద్దల దగ్గర విన్న కథలు కొన్ని నవలలో వాడానన్నారు. గిడుగు రామమూర్తిగారు మా పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని వాళ్ళ కోసం పుస్తకాలు రాశారు. ఆ దారిలో మీరూ ఎవరి దగ్గర విన్నారో వాళ్ళను అడిగి, ముందుమాటలో చెప్పండి. చట్టం అడగకపోయినా ఇది చేయాల్సిన పని.

ఇక అచ్చు లెక్క. 90,000, 18,000 కలిపితే 1,08,000. అంటే కాపీకి 216. ధర 300 పెడతారనుకుందాం. షాపుల ద్వారా అమ్మితే కమిషన్ 40 శాతం పోతుందనుకోండి, మీకు 180 వస్తుంది. ప్రతి కాపీ మీదా 36 రూపాయలు నష్టం. అయిదు వందలూ అమ్ముడుపోయినా 18,000 చేతినుంచి పోతాయి. షాపుల దాకా వెళ్ళకుండా పాఠకుడికి మీరే పంపితే, పోస్టు ఖర్చు 40 తీసేసినా 260 మిగులుతుంది. అప్పుడు కూడా 416 కాపీలు అమ్మితేనే పెట్టుబడి తిరిగొస్తుంది. గొలుసు మీద లక్ష తెస్తే, నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా ఏడాదికి 12,000. ఆ వడ్డీ కట్టడానికే 47 పుస్తకాలు అమ్మాలి.

గొలుసు జోలికి వెళ్ళకండి. మా నాన్నగారు అమ్మ గాజులు కుదువబెట్టి పద్యాల పుస్తకం వేయించారు. కట్టలు ఏళ్ళ తరబడి అటక మీదే ఉన్నాయి. అమ్మ ఒక్క మాట అనలేదు, కానీ నాన్నగారు ఆ తర్వాత ఇంకో పద్యం రాయలేదు. మీకు అలా కాకూడదు.

ఖర్చు తగ్గే దారి మీ చేతిలోనే ఉంది. ప్రెస్సులో పదహారు పేజీలు ఒక ఫారం. మీది 20 ఫారాలు. దాన్ని 15 ఫారాలకు, అంటే 240 పేజీలకు తెస్తే కాగితం, అచ్చు రెండూ తగ్గుతాయి. కథకూ మంచిదే అని నా నమ్మకం. మీరు పంపిన మొదటి నలభై పేజీల్లో ఆ లోకం ఎలా పుట్టిందో, ఎవరు ఏలారో చెబుతూ పోయారు. మనిషి ఎవరూ కదల్లేదు. నది వెనక్కి పారుతుందని రెండు పేజీలు చెప్పే బదులు, పల్లానికి వదిలిన పడవ తెల్లారేసరికి ఎగువ ఊళ్ళో దొరికిందని ఒక్క వాక్యం రాయండి. పాఠకుడు అక్కడే ఆగి చూస్తాడు. చరిత్రంతా ఒక నోట్‌బుక్‌లో ఉంచుకోండి: పేర్లు, దారులు, ఎవరి వయసెంత, మంత్రం దేనికి పనిచేస్తుంది, దేనికి చేయదు. మూడో భాగం రాసేటప్పుడు ఆ నోట్‌బుక్ మీకు ప్రాణం. ఇంకొకటి, మీ నాయకుడు మంత్రం వేసిన ప్రతిసారీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఖర్చు లేని శక్తి ఉన్నవాడికి ఏమవుతుందో అన్న ఆత్రం పాఠకుడికి ఉండదు. మొదటి భాగం దానంతటదే ముగిసే కథగా కూడా ఉండాలి. రెండోది రావడం ఆలస్యమైనా కొన్నవాళ్ళు మోసపోయామని అనుకోకూడదు.

ఆ తర్వాత ముందస్తు ఆర్డర్లు తీసుకోండి. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం, జయపురం తెలుగువాళ్ళు, మీ పాత విద్యార్థులు, ఫేస్‌బుక్‌లో మీ కథలు చదివేవాళ్ళు. 150 మంది ముందే 300 చొప్పున కడితే 45,000 చేతికొస్తుంది. అప్పుడు 200 కాపీలు డిజిటల్ ప్రింటింగ్‌లో వేయించండి. ఒక్కో కాపీకి ఖర్చు ఎక్కువే, కానీ డబ్బు కట్టల్లో ఇరుక్కోదు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం, మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి డబ్బు అడిగేవాళ్ళకు ఇవ్వకండి. ఎవరైనా కాపీ కొడతారేమో అన్న టెన్షన్ ఉంటే 500 రూపాయల ఫీజుతో కాపీరైట్ రిజిస్టర్ చేయించుకోండి. తప్పనిసరి కాదు, కానీ రుజువుగా పనికొస్తుంది. చట్టం కాపాడేది మీరు రాసిన రాతను. ‘వెనక్కి పారే నది’ అన్న ఊహ మీద ఎవరికీ హక్కుండదు. అందుకే ఊహ చెప్పుకుంటూ తిరగడం కన్నా రాసి ముగించడం ముఖ్యం.

పన్ను గురించి ఇప్పుడు మీరు ఆలోచించాల్సిన పని లేదు. మీ జీతానికి ఈ 40,000 కలిపినా ఆదాయపు పన్ను కొత్త విధానంలో పన్ను పడదు.

ఉద్యోగం మానకండి. నెలకు మిగిలే 5,000లో ముందు రెండు నెలలు మొత్తం ఎఫ్‌డీ పక్కన వేయండి. 1,50,000 అవుతుంది, అది ఆరు నెలల ఇంటి ఖర్చు. దాన్ని పుస్తకం కోసం ముట్టుకోకూడదు. ఆ తర్వాత నెలకు 2,000 చొప్పున పుస్తకం పేరున ఒక ఆర్‌డీ కట్టండి, ఏడాదికి 24,000. ముఖచిత్రం, ప్రూఫుల ఖర్చు దాంట్లో తేలిపోతుంది. మిగతా 3,000 పిల్లల పేరున పీపీఎఫ్‌లో వేయండి. రచనల మీద వచ్చే డబ్బు వరుసగా రెండేళ్ళు ఇంటి ఖర్చులో సగం దాటితే అప్పుడు నాకు మళ్ళీ రాయండి, మానడం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా వేసవి సెలవులు మీవి. ఆ రోజుల్లో ట్యూషన్లు ఒప్పుకోకండి, ఆ ఆదాయం పోయినా పర్లేదు. రెండో భాగం అప్పుడే రాయాలి.

ఈ వారం మాత్రం ఆ యాప్ వాళ్ళకు ఒక్క మెయిల్ పెట్టండి: తెలుగు ఆడియో, మొదటి భాగం, మూడేళ్ళు. వాళ్ళు తిరిగి పంపే కాగితాన్ని సంతకం పెట్టకముందు నాకు చూపించండి.