ఫంక్షన్ భోజనం తిని వాంతులు: తప్పు రొయ్యలదేనా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. ఆదివారం మా అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్ చేశాం. కేటరింగ్ చేసినాయన మాకు దూరపు బంధువే. వంటలన్నీ తెల్లవారుజామున 5 గంటలకల్లా దించేశారు, భోజనాలు 12.30కి మొదలయ్యాయి. బిర్యానీ, కోడి వేపుడు, రొయ్యల ఇగురు, పులిహోర, తెల్లన్నం, పెరుగు, పాలకోవా పెట్టారు. సాయంత్రం 4 గంటల నుంచి 30 మందికి పైగా ఒకటే వాంతులు, కొందరికి విరేచనాలు. జ్వరం మాత్రం ఎవరికీ రాలేదు. మర్నాటికి చాలామంది తేరుకున్నారు. మా అమ్మకు 66 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. రెండు రోజులైనా నీరసం తగ్గలేదు. మూడేళ్ల మా బాబుకు ఇంకా పల్చగానే అవుతోంది. ఊళ్లో సెలైన్ ఎక్కించి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేశారు. అందరూ రొయ్యలే కారణమంటున్నారు, కేటరర్ మాత్రం మీ ఊరి నీళ్లదే తప్పంటున్నాడు. మిగిలిన రొయ్యల ఇగురు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాం. గట్టిగా మరిగించి తినొచ్చా? ఫిర్యాదు ఎవరికి చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మరిగించినా తినొద్దు. అలాగని పారేయనూ వద్దు. దాని సంగతి చివర్లో చెబుతాను, ముందు అమ్మగారిని చూద్దాం.

రెండు రోజులైనా నీరసం వదల్లేదంటే ఒంట్లోంచి పోయిన నీరు, ఉప్పు ఇంకా పూడలేదేమోనని అనుమానించాలి. మూత్రం ఎన్నిసార్లు వస్తోంది, ఏ రంగులో వస్తోంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా అని అడగండి. 8 గంటలుగా మూత్రం రాకపోయినా, ముదురు పసుపులో కొద్దికొద్దిగా వస్తున్నా, నిలబడితే తూలుతున్నా ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బీపీ, షుగర్‌తో పాటు క్రియాటినిన్, సోడియం, పొటాషియం కూడా పరీక్ష చేయించండి. ఆవిడ వాడే మాత్రల చీటీ తప్పకుండా వెంట ఉండాలి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు, నీరు పోవడానికి ఇచ్చే మాత్రలు మామూలు రోజుల్లో మంచివే. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు మాత్రం అవే ముప్పు తెచ్చిపెడతాయి, ముఖ్యంగా కిడ్నీలకు. మామూలుగా తిని, తాగే వరకు ఒకటి రెండు రోజులు వీటిని ఆపమని డాక్టరు చెప్పొచ్చు. ఇన్సులిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి. షుగర్ చూసుకుంటూ డాక్టరు చెప్పినట్టు మోతాదు మార్చాలి.

షుగర్ ఉన్నవాళ్లకు ఓఆర్‌ఎస్ ఇవ్వకూడదన్న భయం మన దగ్గర గట్టిగా ఉంది. లీటరు ఓఆర్‌ఎస్‌లో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములే. ఉప్పును, నీటిని పేగు లోపలికి లాక్కోవాలంటే ఆ గ్లూకోజు ఉండాల్సిందే. కాబట్టి ఇవ్వండి. 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తాన్ని ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్టును గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై చిన్నపిల్లలకు ప్రమాదం. కలిపినది 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన 6 టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు సరిపోతాయి.

కోనసీమలో వాంతులనగానే బొండాలు కొట్టిస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం బాగా తక్కువ. విరేచనాల్లో ముఖ్యంగా పోయేది సోడియం. అందుకే బొండం ఓఆర్‌ఎస్‌కు తోడుగా పనికొస్తుందే గానీ దాని బదులు సరిపోదు. పైగా టెల్మిసార్టాన్ వాడుతూ, కిడ్నీలు కాస్త బలహీనంగా ఉన్న పెద్దవాళ్లు రోజుకు నాలుగైదు బొండాలు తాగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. అమ్మగారి రక్తపరీక్ష వచ్చేదాకా బొండాలు ఆపండి.

బాబుకు విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ పట్టాలి. కక్కేస్తే 10 నిమిషాలు ఆగి, మళ్లీ రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మొదలెట్టండి. జింక్ 20 మిల్లీగ్రాములు రోజుకొకటి, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు ఇవ్వాలి. పెరుగన్నం, పప్పన్నం, అరటిపండు మామూలుగానే పెట్టండి. విరేచనాలు కట్టేయడానికి పెద్దలు వాడే లోపెరమైడ్ పిల్లలకు పనికిరాదు. మెడికల్ షాపులో ‘ఓఆర్‌ఎస్’ అని పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బా పానీయాలు ఇస్తే తీసుకోకండి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. మలంలో రక్తం పడినా, జ్వరం 102 దాటినా, బాబు మత్తుగా పడి ఉంటున్నా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా 108కి ఫోన్ చేయండి.

ఇక కారణం సంగతి. ఇక్కడ మీరు రాసిన వాటిలో అన్నిటికన్నా విలువైనవి ఆ టైములే. తిన్న మూడు నాలుగు గంటల్లో, ఒకేసారి ఇంతమందికి, జ్వరం లేకుండా, ముఖ్యంగా వాంతులు వచ్చి ఒక రోజులో తగ్గిపోయాయి. క్రిమి కడుపులోకి వెళ్లి పెరిగి జబ్బు చేయాలంటే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఇంత తొందరగా వచ్చిందంటే విషం గిన్నెలోనే తయారై ఉండాలి. అలా చేసే క్రిములు ప్రధానంగా రెండు: స్టఫిలోకాకస్, బాసిల్లస్ సీరియస్. ముందే తయారైన విషానికి యాంటీబయాటిక్ పనిచేయదు. కాబట్టి ఆ ఇంజెక్షన్‌తో మీ వాళ్లకు ఒరిగింది ఏమీ ఉండదు. సెలైన్ కూడా తాగింది తాగినట్టు కక్కేసేవాళ్లకు, ఒళ్లు బాగా ఎండిపోయినవాళ్లకే అవసరం.

బాసిల్లస్ సీరియస్‌కు అన్నమంటే ఇష్టం. బియ్యంలో దీని విత్తులు సహజంగానే ఉంటాయి, అన్నం ఉడికినా చావవు. పైగా ఆ వేడికే మేలుకుంటాయి. వార్చిన అన్నాన్ని గంపల్లో రాశి పోసి గుడ్డ కప్పినా, బిర్యానీ గుండిగ మీద మూత పెట్టి వదిలేసినా పైన చల్లారినట్టే ఉంటుంది గానీ నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్యనున్న వేడి క్రిములకు అనువైనది. మీ గుండిగలు ఉదయం 5 నుంచి మధ్యాహ్నం దాకా ఏడెనిమిది గంటలు అలాగే కూర్చున్నాయి. ఒకసారి విషం చేరిందంటే మళ్లీ పొయ్యి మీద పెట్టినా అది చెడదు. రుచీ వాసనా కూడా మారవు, అందుకే వడ్డించేవాడికీ తెలియదు, తినేవాడికీ తెలియదు.

చద్దన్నం తిని పెరిగినవాళ్లం, మాకేం కాలేదే అని పెద్దవాళ్లంటారు. చద్దన్నానికి రాత్రే చన్నీళ్లు పోస్తారు, అది త్వరగా చల్లారుతుంది, తెల్లారేసరికి పులుస్తుంది. ఆ పులుపు ఈ క్రిముల్ని చాలావరకు అణిచిపెడుతుంది. పులిహోర మీద నాకు అనుమానం తక్కువగా ఉండటానికీ చింతపండే కారణం. వెచ్చటి బిర్యానీ రాశి ఈ లెక్కలోకి రాదు.

స్టఫిలోకాకస్ వచ్చేది మనుషుల చేతుల నుంచి. వేలి మీద తెగిన గాయమో, చీము పొక్కో ఉన్నవారు కోవా చేత్తో బిళ్లలు చేసినా, ఉడికిన కోడిని చేత్తో ముక్కలు విడదీసినా చాలు. పంచదార, ఉప్పు ఎక్కువున్నా అది పెరుగుతుంది. దాని విషం అరగంట ఉడికించినా పూర్తిగా పోదు.

మరి రొయ్యలు? సరిగా ఉడకని రొయ్యలు, పీతల నుంచి విబ్రియో అనే క్రిమి వల్ల వచ్చే జబ్బులో సాధారణంగా ఒక రోజు పడుతుంది. నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి ముందుంటాయి, జ్వరమూ రావొచ్చు. ఇది అలా లేదు. చెరువుల్లో వాడే మందుల వల్లేనన్న మాట కూడా వినిపిస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్‌లు రొయ్యల సాగులో నిషేధం, వాటి అవశేషాలు పట్టించుకోవాల్సిన విషయమే. కానీ అవి మూడు గంటల్లో 30 మందిని వాంతులతో పడుకోబెట్టవు. అయితే ఇగురు కూడా అన్నే గంటలు ఆరుబయట ఉంది కాబట్టి దానికీ పూర్తి మినహాయింపు ఇవ్వలేం. తేల్చుకోవడానికి ఒక పని చేయండి. జబ్బు పడినవాళ్లు, పడనివాళ్లు కలిపి 50, 60 మందిని ఎవరు ఏం తిన్నారో అడిగి కాగితం మీద రాయండి. రొయ్యలు ముట్టని శాకాహారులకూ వాంతులైతే నేరం రొయ్యలది కాదు. అన్నం తిన్నవాళ్లలో ఎందరు పడ్డారు, తినని వాళ్లలో ఎందరు పడ్డారు అని ఒక్కో వంటకానికీ చూస్తే దోషి చాలావరకు బయటపడుతుంది. అర్ధరాత్రి దాటాక వాంతులు లేకుండా కడుపు మెలిపెట్టి విరేచనాలైనవాళ్లుంటే వాళ్లను విడిగా రాయండి. అది పెద్ద గిన్నెల్లో నెమ్మదిగా చల్లారిన మాంసం కూరలో పెరిగే క్లాస్ట్రీడియం అనే క్రిమి పనై ఉండొచ్చు.

నీళ్ల వాదన నిలబడదు. నీళ్లే చెడితే ఫంక్షన్‌కు రానివాళ్లూ పడతారు, రోజుల తేడాతో పడతారు.

ఫిర్యాదుకు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఆ కాగితం ఇవ్వండి. ఒకే విందులో ఇంతమంది పడితే ఆయన పైకి తెలియజేయాలి. తర్వాత ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు. మనవాళ్లు ఇప్పటికీ ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ 1800112100కి గానీ, అమలాపురం కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో గానీ చెప్పొచ్చు. బంధువైనా కేటరర్ కేటరరే. ఆయన బిల్లు మీద 14 అంకెల నంబరు ఉండాలి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే రిజిస్ట్రేషన్ మాత్రమే. 2006 ఆహార భద్రత చట్టంలో బాధితులకు పరిహారం కూడా ఉంది: ప్రాణం పోతే కనీసం 5 లక్షలు, తీవ్రంగా దెబ్బతింటే 3 లక్షల దాకా, మిగతా వాటికి లక్ష దాకా. కొన్నవాళ్లే రుసుము కట్టి ఆహారాన్ని పరీక్షకు పంపే వీలు సెక్షన్ 40లో ఉంది. కానీ ఆ సంగతి కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలన్నారు. విందు భోజనాల్లో అలా ఎవరు చెబుతారు? అసలు ఇబ్బందంతా నమూనా దగ్గరే. ఆఫీసరు వచ్చేసరికి గుండిగలు తోమేసి ఉంటాయి. అందుకే వచ్చే ఫంక్షన్‌కు ప్రతి వంటకం నుంచీ 100, 150 గ్రాములు వేడినీళ్లలో మరిగించిన డబ్బాల్లోకి తీసి 48 గంటలు ఫ్రిజ్‌లో ఉంచమని కేటరర్‌తో ముందే మాట్లాడుకోండి. అన్నం రెండు మూడు వాయిలుగా వండించండి, ఒక్కో వాయి దించిన రెండు గంటల్లో, మే ఎండల్లోనైతే గంటలో, ఖాళీ కావాలి. కూరలు మంట మీదే 60 డిగ్రీలకు పైన ఉండాలి. వంటల థర్మామీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, మేస్త్రికి ఇచ్చి గుండిగ మధ్యలో గుచ్చి చూడమనండి.

మీ ఫ్రిజ్‌లో ఉన్న ఇగురు మీద కేసు నిలబడటం కష్టం, ఎందుకంటే అది ఆఫీసరు నిబంధన ప్రకారం తీసిన నమూనా కాదు. అయినా అందులో ఏముందో తెలుసుకోవడానికి ఆరోగ్య శాఖకు పనికిరావొచ్చు. కాబట్టి డబ్బా మీద తేదీ, ‘తినకూడదు’ అని రాసి, మిగతా వాటికి తగలకుండా కింది అరలో పెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో వద్దు. ఈ రోజే ఫోన్ చేసి కావాలా అని అడగండి. వద్దంటే గొయ్యి తీసి పూడ్చేయండి, కుక్కలకు వేయకండి.