సగంలో తెగిన బ్యాకప్ ఫైలు

ప్రశ్న: ఆఫీసు లెక్కల ఫైళ్లను లినక్స్‌లో టార్ (ఫైళ్లను ఒకే మూటగా కట్టేది), జీజిప్ (ఆ మూటను కుదించేది)లతో కుదించి పెన్‌డ్రైవ్‌లో దాచాను. ఇప్పుడు విప్పబోతే ‘అనెక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్’ అని ఆగిపోతోంది. ఫైళ్లు దక్కుతాయా?

జవాబు: చాలావరకు దక్కవచ్చు. ముందుగా ఆ ఫైలుకు మరో డిస్కులో నకలు తీసి, ప్రయోగాలన్నీ ఆ నకలు మీదే చేయండి. మీకు వచ్చిన సందేశానికి అర్థం ఫైలు చివరి భాగం లేదని. జీజిప్ తన ఫైలు చిట్టచివరి 8 బైట్లలో సరిచూపు సంఖ్యను, అసలు పరిమాణాన్ని రాసుకుంటుంది కాబట్టి, అవి కనబడకపోతే ఇలా ఫిర్యాదు చేస్తుంది. పెన్‌డ్రైవ్ ఫైళ్లను దాచే తీరు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఆ ఫైలు పరిమాణం చూడండి: అది సరిగ్గా 4,29,49,67,295 బైట్లయితే, ఆ పద్ధతిలో ఒక్కో ఫైలుకున్న 4 జీబీ హద్దు దగ్గరే కాపీ తెగిపోయిందన్నమాట. కాపీ ముగియకముందే డ్రైవ్ లాగేయడం మరో కారణం. ఈ తొందర మనలో చాలామందికి ఉన్నదే.

జీక్యాట్ (zcat) ఆదేశంతో ఫైలును విప్పుతూ, దాని ఫలితాన్ని పైపు గుర్తు (|) ద్వారా టార్‌కు అందిస్తే, తెగిన చోటు వరకు ఉన్న ఫైళ్లన్నీ బయటికి వస్తాయి. ఆఖరున వచ్చిన ఫైలు మాత్రం అసంపూర్ణంగా ఉండవచ్చు కనుక దాన్ని నమ్మవద్దు.

‘సీఆర్‌సీ ఎర్రర్’ (సరిచూపు సంఖ్య సరిపోలలేదని, అంటే సమాచారం చెడిందని చెప్పే సందేశం) వచ్చి ఉంటే పని కష్టమయ్యేది, ఎందుకంటే జీజిప్‌లో ప్రతి భాగమూ తన ముందున్న 32 కేబీ సమాచారం మీద ఆధారపడి ఉంటుంది. జీజిప్ లాంటిదే మరో కుదింపు ప్రోగ్రామ్ బీజిప్2 అయితే గరిష్ఠంగా 900 కేబీ చొప్పున విడివిడి దిమ్మెలుగా కుదిస్తుంది కాబట్టి, దాని తోడు ప్రోగ్రామ్ బీజిప్2రికవర్‌తో చెడని దిమ్మెలను వేరుచేసుకోవచ్చు.

ఇకపై కాపీ చేశాక రాయాల్సినదంతా డ్రైవ్‌లోకి చేర్చే సింక్ (sync) ఆదేశమిచ్చి, జీజిప్‌కు మైనస్ టీ (-t) జోడించి పరీక్షించాకే డ్రైవ్ తీయండి.