సైగలు నేర్పితే లోకం తెలియదా?

ప్ర: మా నాలుగేళ్ల పాపకు వినపడదు. సైగలు నేర్పితే లోకజ్ఞానం రాదని, మాటలే నేర్పమని మా అత్తగారి పట్టు. ఏం చేయను?
– ఒక తల్లి, తెనాలి

జ: మా అన్నయ్యకూ వినపడదు తల్లీ. చిన్నప్పుడు రాత్రి కరెంటు పోతే నాకు చీకటి, వాడికి మాటే బంద్. నా చెయ్యి పట్టి లాంతరు దగ్గరికి లాక్కెళ్లి మరీ కబుర్లు చెప్పేవాడు.

మధ్య అమెరికా దేశం నికరాగ్వాలో 1970ల చివర రాజధాని మనాగ్వా బడిలో చేరిన బధిర పిల్లలు సొంతంగా సైగల భాష పుట్టించుకున్నారు. తర్వాత చేరినవాళ్లు ఎడమ, కుడి కచ్చితంగా చెప్పే సైగలు తెచ్చారు. పెద్దయ్యాక గదిలో తిప్పి వదిలితే, దాచిన వస్తువును ఈ రెండోవాళ్లే బాగా పట్టారు. దిక్కు తెలియడానికీ భాష కావాలన్నమాట!

మాటల శిక్షణ మానక్కర్లేదు. సైగలు మాత్రం వాయిదా వేయకండి. ముందు అత్తగారికి ‘అన్నం’ సైగ నేర్పండి.